రాళ్ల చదువు కోసం మేత చూడబోయిన నాగన్న

1958 వేసవి. అప్పుడు నేను జమ్మలమడుగు బోర్డు హైస్కూల్లో సైన్స్ అసిస్టెంటును. అంటే ప్రయోగశాలలో సీసాలు కడిగేవాడు అనుకునేరు. పై తరగతులకు భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే పంతులికి ఆ రోజుల్లో ఉన్న ఉద్యోగం పేరు అది. వేసవి సెలవుల్లో పంతుళ్లు కాళ్లు చాపుకుని పడుకుంటారని ఊళ్లో అందరి నమ్మకం. నిజానికి ఎస్సెస్సెల్సీ ఫలితాలు వచ్చిన రోజు నుంచి మాకు జీతం లేని ఇంకో ఉద్యోగం మొదలయ్యేది. ఎస్సెస్సెల్సీ అంటే పదకొండో తరగతి చివర రాసే పెద్ద పరీక్ష. అది ప్యాసైన కొడుకును ముందు పెట్టుకుని తండ్రి మా గుమ్మం ఎక్కేవాడు. "అయివారూ, వీన్ని యాడ చేర్పిద్దాం?" అని అడిగేవాడు. మావైపు పంతులుని అయివారు అంటారు.

నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. సర్కారు కాలేజీ. నేను చదివింది అక్కడే, నాకు తెలిసిందీ అదే. పిల్లవాడు ఏమవ్వాలనుకున్నా ముందు అక్కడ పి.యు.సి. చదవాలి. అది కాలేజీ చదువుకు గడపలాంటి ఒక ఏడాది కోర్సు. ఆ తర్వాత సంగతి తర్వాత. ప్రైవేటు విద్యాసంస్థలంటే నాకు పెద్దగా గిట్టేది కాదు. మేడలు చూపించి పిల్లల్ని పిలుచుకుంటారని నా అనుమానం. అనుమానం నా స్వభావంలోనే ఉంది లెండి. అంగట్లో బెల్లం కొన్నా వాసన చూడనిదే తీసుకోను.

అలాంటి నా గుమ్మంలోకి ఆ ఏడు ఓబులేసును వెంటబెట్టుకుని నాగన్న వచ్చాడు. వాళ్లది తొండూరు దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాయడమే ఆ పల్లె బతుకు. నేను అంతకుముందు పులివెందుల హైస్కూల్లో పనిచేసినప్పుడు ఓబులేసు నా దగ్గర చదివాడు. సెలవు రోజుల్లో తండ్రి మంద వెనక కొండలెక్కేవాడు. తిరిగొచ్చేటప్పుడు నిక్కరు జేబుల నిండా రాళ్లు. ఆ బరువుకు నిక్కరు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నాకు రాయి చూపించేవాడు. "సార్, ఇంత చిన్నది ఇంత బరువెందుకుండాది?" అనేవాడు. అది ముగ్గురాయి. పులివెందుల చుట్టుపక్కల గనుల్లో దొరుకుతుంది. ఇంగ్లీషులో బెరైటీస్ అంటారని చెప్పాను. అంతకు మించి నాకూ తెలియదు. మిగతా పిల్లలకు రాయి అంటే మామిడికాయ కొట్టడానికి పనికొచ్చే వస్తువు. వీడికి మాత్రం అది ఒక ప్రశ్న.

నాగన్న గొంగడి అరుగు మీద పరుచుకుని కూర్చున్నాడు. ఓబులేసు నిలబడే ఉన్నాడు. వాడి చేతిలో నునుపు కాగితాల పుస్తకం ఒకటి ఉంది. ప్రాస్పెక్టస్. కాలేజీలో ఏమేం చదువులున్నాయో, ఏమేం వసతులున్నాయో చెప్పుకుంటూ వాళ్లే అచ్చు వేయించే పుస్తకం.

"ఏంది నాగన్నా, ఇంత దూరమొచ్చినావు?" అన్నాను.

"ఏం చెప్పేది అయివారూ. మావోడు రాళ్ల చదువు చదవాలంటాండాడు. రాళ్ల కోసరం అరవదేశం పోతాడంట. రాళ్లు మా కాడ తక్కువుండాయా?"

పుస్తకం తీసుకుని చూశాను. తమిళదేశంలో ఒక శ్రీమంతుల కుటుంబం నెలకొల్పిన యూనివర్సిటీ అది. ప్రైవేటు యూనివర్సిటీ అన్న మాట మావైపు చాలామంది అప్పటికి వినలేదు. పిల్లలంతా అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకోవాలి. దాన్ని రెసిడెన్షియల్ అంటారు. ఓబులేసు చెప్పిన రాళ్ల చదువు, అంటే జియాలజీ, అక్కడ డిగ్రీ స్థాయిలో ఉంది. దానికి ముందు చదవాల్సిన పి.యు.సి. కూడా అక్కడే ఉంది. ఆ పుస్తకం వాడికి ఇచ్చింది షరీఫ్. ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉన్న సాయిబు కొడుకు. అక్కడే జియాలజీ రెండో ఏడు ముగించి సెలవులకు వచ్చాడు. పులివెందుల గనుల దగ్గర రాళ్లు ఏరుకుంటుంటే అదే పని మీదున్న ఓబులేసు ఎదురుపడ్డాడట. ఒకే పిచ్చి ఉన్నవాళ్లకు పరిచయం కావడానికి ఎంతసేపు పడుతుంది?

"బొమ్మలు బాగానే ఉన్నాయి," అన్నాను. "సర్కారు కాలేజీలో చేర్చు నాగన్నా. బొమ్మలు చూసి పిల్లోన్ని పంపిస్తామా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. నాగన్న గొంగడి అంచు నలిపాడు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"మా పల్లెలో పెద్ద పరీచ్చ ప్యాసైనోడు వీడొక్కడే అయివారూ. పల్లెంతా వీని మొగమే చూస్తాండాది. వీడు పోయి నిలబడితే ఇంగో నలుగురు పోతారు. మద్దెలో తిరిగొచ్చినాడనుకో, ఇంగ ఎవురూ పిల్లోల్లని బడికి పంపరు. గొర్రెల ఎనకమాల తోల్తారు. అందుకే నీ కాడికొచ్చినా. నీ మాటా వద్దు, ఆ బుక్కు మాటా వద్దు. పోయి చూసొద్దాం రా."

నాకు మొదట నవ్వొచ్చింది. నాగన్న మాత్రం నవ్వలేదు. వాళ్ల పద్ధతి అది. మా సీమలో ఎండలకు గడ్డి మాడిపోయినప్పుడు కాపరులు మందలను నల్లమల వైపు తోలుకుపోతారు. మంద కదలడానికి ముందు పెద్దవాడొకడు ఒంటరిగా వెళ్లి మేత చూసుకుని, నీళ్లు చూసుకుని వస్తాడు. అతను సరేనంటేనే మంద కదులుతుంది. గొర్రెలకే అంత జాగ్రత్త పడేవాడు కొడుకును ఒక పుస్తకాన్ని నమ్మి పంపుతాడా? పోనీ నన్నే నమ్మి ఎందుకు ఆగిపోవాలి? న్యాయమే అనిపించింది. పైగా బెల్లం వాసన చూసే అలవాటు నాకూ ఉంది కదా.

జూన్ నెలలో షరీఫ్ తిరిగి వెళ్తుంటే అతనితో కలిసి మేమూ ముద్దనూరులో మద్రాసు రైలెక్కాం. ఓబులేసు కిటికీ వదల్లేదు. కొండలు కనిపించినంతసేపూ షరీఫూ వాడూ వేళ్లు చూపించుకుంటూ మాట్లాడుకున్నారు. కొండలు అయిపోయాక ఇద్దరూ నిద్రపోయారు. మద్రాసులో దిగి ఇంకో రైలు మారాం. అక్కడి నుంచి వరిపొలాలు, కాలువలు, కొబ్బరి చెట్లు మొదలయ్యాయి. నాగన్న నిద్రపోలేదు. కళ్లు పెద్దవి చేసుకుని చూస్తూనే ఉన్నాడు.

యూనివర్సిటీ ఆవరణలో అడుగుపెట్టగానే మనిషి మారిపోయాడు. మోకాలెత్తు గడ్డి. నిండుగా పారే కాలువ. నీడకు నీడ తగిలేట్టు చెట్లు. నాగన్న చెప్పులు విడిచి గడ్డిలో నడిచాడు. ఒక పోచ తెంపి నమిలాడు. కాలువ గట్టున కూర్చుని దోసిలితో నీళ్లు తాగి చూశాడు. భవనాల వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

"ఇంగ మాటల్లేవు అయివారూ. ఈడ్నే చేర్పిద్దాం."

"నాగన్నా, ఇంకా ఒక్క అయివారిని కూడా చూడలేదు గదప్పా!"

"చూసేదేముండాది? ఇంత మేత, ఇన్ని నీళ్లు. ఈడుండే పిల్లోడు ఎట్ల చెడిపోతాడు?"

ఇంత దూరం జాగ్రత్తగా చూడ్డానికి వచ్చిన మనిషి గడ్డి చూసి పడిపోయాడు. పుట్టినప్పటి నుంచి ఎండిన నేల చూసినవాణ్ని ఏమనగలం? నాకే ఆ చెట్ల కింద ఒక కునుకు తీయాలనిపించింది. అయినా నా పని వేరు. ఆఫీసులో అడిగితే వాళ్ల డిగ్రీకి మన రాష్ట్రంలోనూ గుర్తింపు ఉందని, మంచి మార్కులుంటే స్కాలర్‌షిప్ వస్తుందని చెప్పారు. ఆ రెండు భయాలూ తీరాయి. ఇక అసలు సంగతి చూడాలి. షరీఫ్ మమ్మల్ని జియాలజీ విభాగానికి తీసుకుపోయాడు.

అక్కడి లెక్చరర్ తమిళుడు. ఎండకు నల్లబడిన మనిషి, అరచేతులు రాళ్లు కొట్టేవాడి చేతుల్లా గరుకు. నేను ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుంటుండగానే ఆయన నాగన్న వైపు తిరిగి, "ఏంది మామా, యాడ్నించి వస్తాండారు?" అన్నాడు.

నేను నోరెళ్లబెట్టాను. నాగన్న అయితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అరవయాసతో అచ్చమైన కడప మాట!

ఆయన నవ్వి చెప్పాడు. జియాలజీ చదివేవాళ్లు ఏటా కొన్ని రోజులు కొండల్లో తిరిగి రాళ్లను అవి పుట్టిన చోటే చూడాలి. దాన్ని ఫీల్డ్ వర్క్ అంటారు. తరగతి గదిలో ఎంత చెప్పినా అది లేకపోతే ఈ చదువుకు అర్థం లేదు. "ఈడ నీళ్లుండాయి మామా, రాళ్లు లేవు. అంతా ఒండ్రుమట్టి. అందుకే ఏటా మీ కడప కొండలకే పిల్లోల్లని తోలుకొస్తాం. ఈ మాటలు మీ గొర్రెలోల్ల దగ్గర నేర్చుకున్న్యా."

నాగన్న నా ముఖం చూశాడు, కొడుకు ముఖం చూశాడు. "అంటే మావోడు మా కొండ చూసేకి ఈడికి రావల్నా?" అన్నాడు. షరీఫ్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకూ నవ్వొచ్చింది కానీ లోపల దిగులు పట్టుకుంది. ఆ గడ్డీ నీళ్లూ రాళ్ల చదువుకు పనికిరావని తేలిపోయింది. మరి ఓబులేసు ఇక్కడికి ఎందుకు రావాలి?

లెక్చరర్ ఒక చెక్క పళ్లెంలో రాళ్లు తెచ్చి ఓబులేసు ముందు పెట్టాడు. వాడు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ఒకదాని దగ్గర ఆగి, "ఇది ముగ్గురాయి. మా పక్కది," అన్నాడు. ఆయన బల్ల మీద సుద్దముక్కతో గీతలు గీసి, మా కొండలు ఒక పొర మీద ఒక పొరగా ఎలా ఏర్పడ్డాయో, వాటి పగుళ్లలోకి ముగ్గురాయి ఎలా చేరిందో చూపించాడు. ఓబులేసు ఊపిరి బిగబట్టి చూశాడు. నేను బడిలో ఎన్నాళ్లు చెప్పినా వాడి ముఖంలో ఆ వెలుగు చూడలేదు. కొంచెం అసూయ కలిగింది, దాస్తే ఏం లాభం? అసూయకంటే సంతోషమే ఎక్కువ.

"వాన్ని నా క్లాసులో కూర్చోబెడతా. చూద్దాం," అన్నాడాయన. అప్పటికే పెద్ద తరగతులు మొదలయ్యాయి. గంట తర్వాత ఓబులేసు బయటికి వచ్చాడు. పాఠమంతా ఇంగ్లీషులో జరిగింది. వాడు పదకొండేళ్లూ తెలుగులో చదివినవాడు.

"ఎట్లుందిరా?" అన్నాను.

"బొమ్మలన్నీ అర్థమైనాయి సార్. మాటలే కాలేదు."

లెక్చరర్ ఏదీ దాచలేదు. తన డిపార్టుమెంటుకు ఇలాంటి పిల్లవాడు కావాలని ఉందన్నాడు. అయితే ఇక్కడి పి.యు.సి. పెద్ద తరగతి, అన్ని ప్రాంతాల పిల్లలు, అంతా గడగడా ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు తెలివిలేక కాదు, మాట అందక ఆ ఏడాదిలోనే వెనుదిరిగి పోవడం తాను చూశానన్నాడు. పి.యు.సి. మీ దగ్గరి సర్కారు కాలేజీలో చదివించండి, అక్కడైతే అర్థం కానిది తెలుగులో అడగొచ్చు, తర్వాత డిగ్రీకి నా దగ్గరికి పంపండి అన్నాడు. తన సంస్థలో ఇప్పుడే చేరవద్దని చెప్పే మనిషిని ప్రైవేటు చోట చూస్తానని నేను అనుకోలేదు. ఆ ఒక్క మాటతో నా అనుమానం సగం తగ్గింది.

నాగన్నకు మాత్రం కోపమొచ్చింది. బయట చెట్టు కింద కూర్చుని, "వచ్చినోన్ని ఎనక్కి పొమ్మంటాడేంది? పల్లెలో ఏమని చెప్పల్ల?" అని గొణిగాడు.

నేను పక్కన కూర్చున్నాను. "నాగన్నా, మందను నల్లమలకు తోలేటప్పుడు అప్పుడే పుట్టిన పిల్లల్ని ఏం చేస్తావు?"

"అంత దూరం యాడ నడుస్తాయి? ఊర్లోనే ఉంచుతాం. ఇంటిది చూసుకుంటాది. కాళ్లలో బలం వచ్చినాక..." అంటూనే ఆగిపోయాడు. నా వైపు ఓరగా చూశాడు. "నువ్వు శానా గడుసోనివి అయివారూ," అన్నాడు. గడ్డి పోచ ఇంకొకటి తెంపి నమిలి, లేచాడు.

తిరుగు రైల్లో ఓబులేసు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. కొండలు మళ్లీ కనిపించాక కూడా తల తిప్పలేదు. "ఇంగ నేను పోలేనేమో సార్," అన్నాడు ఒక్కసారి. "ఏడాదిలో పోతావురా, నాది పూచీ," అన్నాను. అనేశాను గానీ పూచీ ఉండటానికి నా చేతిలో ఏముంది?

వాణ్ని సర్కారు కాలేజీలో చేర్చాం. సెలవు దొరికినప్పుడల్లా జమ్మలమడుగు వచ్చి నా ముందు ఇంగ్లీషు పత్రిక పెద్దగా చదివేవాడు. తప్పు చదివితే నేను విసుక్కునేవాణ్ని, వాడు మళ్లీ మొదటి నుంచి చదివేవాడు. మా ఇంట్లో ఆడవాళ్లు చెవులు మూసుకునేవారు. ఆ ఏడు చలికాలంలో వాడు పరుగున వచ్చి, యూనివర్సిటీ పిల్లలు ఫీల్డ్ వర్క్‌కు పులివెందులకు వస్తున్నారని, షరీఫ్ కబురు పెట్టాడని చెప్పాడు. తొండూరు కొండల్లో దారి చూపించడానికి వాణ్ని రమ్మన్నారట. ఆ ఆదివారం నేనూ వెళ్లాను.

కొండ మీద ఎండ చురుక్కుమంటోంది. పిల్లలు సుత్తెలు పట్టుకుని బండల మధ్య తిరుగుతున్నారు. ఓబులేసు ముందు నడుస్తూ లెక్చరర్‌తో ఇంగ్లీషులోనే మాట్లాడుతున్నాడు. తప్పులున్నాయి. ఆగడం మాత్రం లేదు. నాగన్న కొంచెం ఎగువన మందను ఆపుకుని, కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. పోయి పక్కన నిలబడ్డాను.

అప్పుడు గమనించాను, నాగన్న చూస్తున్నది కొడుకును కాదు. మిగతా పిల్లలను చూస్తున్నాడు. చెప్పు తెగిన ఒక పట్నం పిల్లవాడు దానికి గుడ్డపీలిక చుట్టుకుని నవ్వుతూ మళ్లీ ఎక్కుతున్నాడు. పెద్ద తరగతివాడొకడు చిన్నవాడి సంచి తన భుజాన వేసుకున్నాడు. వాళ్లు సుత్తెతో కొట్టిన చోటల్లా కత్తుల్లాంటి రాతిచెక్కలు బాటలో పడుతున్నాయి. షరీఫ్, అతనితోపాటు ఇంకో ఇద్దరు, వెనకగా వస్తూ ఆ చెక్కలు ఏరి బాట పక్కన పొద మొదట్లో వేస్తున్నారు. అది గొర్రెలు నడిచే బాట.

"చూసినావా అయివారూ?" అన్నాడు నాగన్న మెల్లగా. "మా జీవాల కాళ్లు తెగుతాయని ఏరేస్తాండారు. ఎవురూ చెప్పకనే." మళ్లీ తనే అన్నాడు. "పోయినసారి నాది తప్పు. మేత చూసినా. మా నాయన ఉండింటే తిట్టేవాడు. మేత చూసి ఏం తెలుస్తాది? అది మేసొచ్చిన మందను చూడల్ల. ఈ మంద బాగుండాది. మావోన్ని పంపిస్తా."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ అని చెప్పుకున్నాను.

మరుసటి జూన్‌లో ఓబులేసు ఆ యూనివర్సిటీలో చేరాడు. మూడేళ్లు నిలబడి చదివాడు. ఆ తర్వాత నా గుమ్మంలోకి వచ్చిన తండ్రులెవరికీ నేను సిద్ధంగా ఉన్న జవాబు చెప్పలేదు. సర్కారుదా, ప్రైవేటుదా అని అడిగితే, ఆ మాట పక్కన పెట్టండి అనేవాణ్ని. అక్కడ మూడేళ్లు ఉండి వచ్చిన పిల్లల్ని నలుగురిని కలవండి, వాళ్లు మనుషులను, పనిని ఎలా చూస్తున్నారో గమనించండి, మీవాడు ఇప్పుడే అంత దూరం నడవగలడో లేదో కూడా చూసుకోండి అనేవాణ్ని. పంతులుగా నాకు వచ్చిన ఈ తెలివిలో సగం నాగన్నది.

ఓబులేసు డిగ్రీ చేతికొచ్చిన వేసవిలో నాగన్న మళ్లీ వచ్చాడు. అదే గొంగడి అరుగు మీద పరిచాడు. ఈసారి వెంట ఓబులేసు లేడు. నూనె రాసి బిగించి జడేసుకున్న ఒక అమ్మాయి తలుపు పక్కన నిలబడింది. నాగన్న తమ్ముడి కూతురు. ఆ ఏడే పులివెందులలో పెద్ద పరీక్ష ప్యాసైందట.

"దీన్ని యాడ చేర్పిద్దాం నాగన్నా?" అని ఈసారి నేనే అడిగాను.

"నాలుగు కాలేజీలు తిరిగొచ్చినా అయివారూ," అన్నాడు నాగన్న. "గడ్డి చూళ్లేదు. ఆడ చదివే ఆడపిల్లోల్లతో మాట్లాడొచ్చినా. ఇంగ నువ్వు కూసో, చెప్తా."